ముందు ఫ్యాక్టర్, తర్వాతే స్కాన్

అలిపిరి మెట్లెక్కుతూ ఓ పిల్లాడు జారిపడి తలకు దెబ్బ తగిలించుకున్నాడనుకోండి. చిన్న బొప్పి కట్టింది, కాసేపు ఏడ్చి మళ్ళీ ఆటలో పడ్డాడు. వాడికి రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు హీమోఫీలియా ఉంటే మాత్రం మొక్కు పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి బయల్దేరాల్సిందే. పుర్రె లోపల రక్తం మెల్లగా చేరుతూ ఉండొచ్చు. వాంతులు, మత్తు కనబడేదాకా చూస్తే చేయి దాటిపోతుంది.

ఈ జబ్బున్నవాళ్ళకి రక్తం అందరికంటే వేగంగా కారదు, ఎక్కువసేపు కారుతుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్లలో 8వ ఫ్యాక్టర్ లోపిస్తే ఎ రకం, 9వది లోపిస్తే బి రకం. అది మామూలు మోతాదులో 1 శాతం కూడా లేనివాళ్ళకి దెబ్బ తగలకపోయినా కీళ్ళలోకి రక్తం దిగుతుంది. అందుకే తెగిన వేలికంటే పైకి కనబడని చోట్లే భయం: తల, గొంతు, పొట్ట, తుంటి లోపలి కండరం. ఈ చివరిది డాక్టర్లనే తికమక పెడుతుంది. కుడి గజ్జల్లో నొప్పి, కాలు చాపలేకపోవడం చూసి అపెండిసైటిస్ అనుకుని ఆపరేషన్‌కు సిద్ధమైతే ప్రాణం మీదికొస్తుంది.

తలకు దెబ్బ తగిలితే ముందు లోపించిన ఆ ఫ్యాక్టర్ ఎక్కించాలి, స్కాన్ తర్వాత. ఎ రకంలో కిలో బరువుకు 1 యూనిట్ ఇస్తే రక్తంలో ఫ్యాక్టర్ సుమారు 2 శాతం పెరుగుతుంది. తల గాయానికి దాన్ని 80 నుంచి 100 శాతానికి తేవాలి. అంటే 30 కిలోల పిల్లాడికి దాదాపు 1500 యూనిట్లు. అదీ ఒక్క డోసుతో అయిపోదు. 8 నుంచి 12 గంటల్లో సగం ఖర్చయిపోతుంది.

కుప్పం నుంచో పలమనేరు నుంచో తిరుపతికి రావాలంటే దారిలోనే గంటలు గడుస్తాయి. కాబట్టి దగ్గర్లో ఏ ఆస్పత్రిలో ఫ్యాక్టర్ నిల్వ ఉందో కుటుంబం ముందే కనుక్కుని ఉంచుకోవాలి, బయల్దేరేటప్పుడే ఫోన్ చేయాలి. ఫ్యాక్టర్ దొరక్కపోతే ఎ రకానికి ప్లాస్మా నుంచి తీసే క్రయోప్రెసిపిటేట్ ఆదుకుంటుంది. బి రకానికి అది పనికిరాదు, అందులో 9వ ఫ్యాక్టర్ ఉండదు, ప్లాస్మా ఇవ్వాలి. తీవ్రమైన ఎ రకం ఉన్నవాళ్ళలో 10 మందిలో సుమారు ముగ్గురికి ఎక్కించిన ఫ్యాక్టర్‌నే అడ్డుకునే ఇన్హిబిటర్లు పుడతాయి, వాళ్ళకి వేరే మందులు కావాలి. ఈ వివరాలూ, రకమూ, బరువూ రాసిన కార్డు జేబులో లేకపోతే విలువైన సమయం రక్తపరీక్షలకే పోతుంది.

మన ఊళ్ళలో నొప్పి అనగానే తుంటికి సూది పొడిచే అలవాటు ఒకటుంది. ఇక్కడ అది కండరంలో రక్తపు గడ్డ లేపుతుంది. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కూడా వద్దు, పారాసిటమాల్ చాలు.

వాపు రాకముందే కీలు లోపల జివ్వుమంటోందని పిల్లలు చెబుతారు. బయటికేమీ కనబడటం లేదని వాళ్ళని వెనక్కి పంపకండి. రక్తస్రావం మొదలైన రెండు గంటల్లోపు ఫ్యాక్టర్ పడితే ఆ కీలు మళ్ళీ మామూలుగా వంగే అవకాశం ఎక్కువ.