సైటేషన్ల లెక్క: అపోహలు - వాస్తవాలు

ఒకప్పుడు పెళ్లిళ్లలో కనబడితే బంధువులు నా జీతం అడిగేవారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు పీహెచ్‌డీల్లో చేరారు. అక్కడే ఫోనులో పరిశోధన పత్రాలను వెతికి చూపే గూగుల్ స్కాలర్ తెరిచి, "మీకు ఇన్నేనా సైటేషన్లు?" అంటున్నారు. ఒక పరిశోధన పత్రాన్ని మరో పత్రం ఆధారంగా చూపితే, అంటే ఉదహరిస్తే, అది ఒక సైటేషన్. మాలిక్యులర్ బయాలజీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను కాబట్టి, ఆ అంకెల గురించి నాకు తెలిసింది చెబుతాను.

అపోహ: ఎక్కువ సైటేషన్లు ఉన్నదే గొప్ప ఆవిష్కరణ.

వాస్తవం: ఎక్కువమంది వాడుకున్నారని మాత్రమే దాని అర్థం. 1951లో లౌరీ బృందం ఒక పత్రం ప్రచురించింది. ద్రావణంలో ప్రొటీన్ ఎంత ఉందో రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి అది. 2014 నాటికే దానికి మూడు లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. డీఎన్ఏ నిర్మాణాన్ని చెప్పిన వాట్సన్, క్రిక్‌ల 1953 పత్రం అప్పటికి ఎక్కువ సైటేషన్లు వచ్చిన మొదటి వంద పత్రాల్లో కూడా లేదు. ప్రొటీన్ కొలిచిన ప్రతివాళ్లూ ఏ పద్ధతిలో కొలిచారో రాసి తీరాలి. ఇంటర్ పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన డీఎన్ఏ జంట మెలికకు మాత్రం ఎవరూ ఆధారం చూపరు.

ఇంకా తమాషా అయినది లెమ్లీ అనే శాస్త్రవేత్త 1970లో నేచర్ జర్నల్‌లో ప్రచురించిన పత్రం. టీ4 అనే వైరస్ తల కూర్పులో ప్రొటీన్లు ఎలా తెగుతాయన్నది దాని విషయం. దాన్ని ఉదహరించే వాళ్లలో చాలామందికి ఆ వైరస్‌తో పనే లేదు. ప్రొటీన్లను జెల్ మీద విడదీయడానికి ఆయన వాడిన పద్ధతే వాళ్లకు కావాలి. నా థీసిస్‌లో నేనూ దాన్ని ఉదహరించాను. చదివింది మాత్రం ఉద్యోగం వచ్చిన చాలా ఏళ్లకు.

అలాగని పద్ధతి చెప్పే పత్రాలను చిన్నచూపు చూడటమూ తప్పే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. అది చేతిలో ఉండబట్టే ఆ ఇద్దరూ కండరాల్లో శక్తిని అందించే ఫాస్ఫరస్ పదార్థాలైన ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత ఏటీపీని పట్టుకోగలిగారు. కొలత కుదిరాకే కనిపించిన సంగతులు మా రంగంలో ఎన్నో.

అపోహ: జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పెద్దదైతే అందులోని పత్రమూ పెద్దదే.

వాస్తవం: గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన పత్రాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు అది. సగటును ఒక్క పత్రం ఎంత పైకి లాగగలదో చూడండి. ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ విభాగం ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2008లో దాదాపు 2. 2009లో దాదాపు 50. స్ఫటికాల నుంచి అణువుల ఆకృతిని రాబట్టే తన ప్రోగ్రాముల గురించి షెల్డ్రిక్ 2008లో అందులో రాసిన ఒక్క వ్యాసం చేసిన పని అది. రెండేళ్ల గడువు దాటగానే, 2011లో, మళ్లీ 2 దగ్గరికి దిగింది. ఈ మధ్యలో అందులో ప్రచురించిన మిగతా వాళ్లు రాత్రికి రాత్రి మేధావులూ కాలేదు, ఆ తర్వాత మూర్ఖులూ కాలేదు.

అపోహ: సైటేషన్ అంటే మెచ్చుకోలు.

వాస్తవం: తిట్టాలన్నా ఉదహరించాల్సిందే. ఒక బ్యాక్టీరియా డీఎన్ఏలో ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్‌ను వాడుకుంటుందని 2010లో సైన్స్ జర్నల్‌లో ఒక పత్రం వచ్చింది. తప్పని చూపినవాళ్లూ దాన్ని ఉదహరించే రాశారు. 2025లో జర్నల్ ఆ పత్రాన్ని ఉపసంహరించుకుంది, రచయితలు ఒప్పుకోకపోయినా. సైటేషన్ల లెక్కలో మాత్రం మెప్పూ తిట్టూ ఒకే గంపలో పడతాయి.

అపోహ: పేరు చివర ఉంటే పని తక్కువ చేసినట్టు.

వాస్తవం: మా దగ్గర తిరగేసి చదవాలి. ప్రయోగాలు ఎక్కువగా చేసినవారి పేరు మొదట, ల్యాబ్ నడిపేవారి పేరు చివర ఉండటం ఆనవాయితీ. ఈ సంగతి మా మేనత్తకు ఇప్పటికి మూడుసార్లు చెప్పాను.

అపోహ: హెచ్-ఇండెక్స్ చూస్తే మనిషి తెలిసిపోతాడు.

వాస్తవం: హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన అంకె ఇది. 14 అంటే, కనీసం 14 సైటేషన్ల చొప్పున ఉన్న పత్రాలు 14 ఉన్నాయని. వాటిలో మన చెయ్యి ఎంత ఉందో అది చెప్పదు. పని మానేసినా తగ్గదు.

ఒక ఎంపిక కమిటీలో నేనూ కూర్చున్నాను. ఒక అభ్యర్థికి 14, ఇంకొక అమ్మాయికి 9. పద్నాలుగు ఉన్న ఆయన పేరు ఎక్కువ పత్రాల్లో ముప్ఫై మంది నడుమ ఎక్కడో ఉంది. తొమ్మిది ఉన్న అమ్మాయి మూడు పత్రాల్లో మొదటి రచయిత. అందులో ఒకదాని కోసం మూడేళ్లు ఒక్క ఈస్ట్ జన్యువునే పట్టుకుని కూర్చుంది. ఆ మూడూ చదవడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. సోమవారం చర్చ పది నిమిషాల్లో ముగిసింది. పద్నాలుగుకే ఉద్యోగం వచ్చింది.