ప్లెయిన్‌గా ఉంటే ఎవరు కొంటారు? మినిమల్ డిజైన్: అపోహలు - వాస్తవాలు

డబ్బాలు, సీసాలు, లంచ్ బాక్సులు, ఇలా ఇంట్లో వాడే వస్తువులకు డిజైన్ చేయడం నా పని. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు ఎవరొచ్చినా ఒకటే మాట: "మరీ ప్లెయిన్‌గా ఉంది సార్, దీని మీద ఏదైనా వేయండి." ఆ "ఏదైనా" వల్ల ఎంత డబ్బు పోతోందో చూసి చూసి, మినిమల్ డిజైన్ (అవసరమైనవి మాత్రమే ఉంచే డిజైన్) గురించి ఇది రాస్తున్నాను.

అపోహ: సాదా వస్తువుకు ఫీల్ ఉండదు. కథేదో మనమే దాని మీద వేసి అమ్మాలి.

వాస్తవం: మన ఇళ్లలో స్టీలు సామాను చూడండి. చెంబు, గిన్నె, క్యారియర్ కొట్లోకి వచ్చేటప్పుడు వాటి మీద ఏమీ ఉండదు. కొన్నాక మనమే పేరు వేయిస్తాం. కొట్టతను మిషన్ పెట్టి గరగరమనిపిస్తే చుక్కలు చుక్కలుగా అక్షరాలు పడతాయి: ఇచ్చినవాళ్ల పేరు, గృహప్రవేశం తేదీ. ఏళ్లు గడిచినా ఆ గిన్నె తీసినప్పుడల్లా "ఇది మా మేనత్త పెట్టింది" అంటాం. ఆ మాటను ఫ్యాక్టరీలో ఎవరూ అచ్చు వేయలేరు. అంచు కింద నున్నటి చోటు ఉంచగలరు, అంతే. అది చాలు.

1958లో అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. మన దేశంలో చూసిన వస్తువులన్నిటిలోకీ చెంబే బహుశా అన్నిటికన్నా గొప్పదన్నారు. వంపితే నీళ్లెలా పడతాయి, ఇంకో పాత్రకు తగిలితే ఏ శబ్దం వస్తుంది, ఒకరికి ఇస్తే ఎలా అనిపిస్తుంది అని కూడా ఆలోచించారు. అహ్మదాబాద్‌లో 1961లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు ఆ నివేదికే పునాది. జర్మనీకి చెందిన బ్రౌన్ కంపెనీలో పనిచేసిన డిజైనర్ డీటర్ రామ్స్ మంచి డిజైన్‌కు చెప్పిన 10 సూత్రాల్లోనూ ఈ సంగతి ఉంది: వస్తువు ఆర్భాటం చేయకూడదు, వాడే మనిషికి తన తీరు చూపించుకునే చోటు వదలాలి.

ఒకావిడ దాచుకున్న డబ్బంతా పెట్టి లంచ్ బాక్స్‌కు మోల్డ్ (కరిగిన ప్లాస్టిక్ నింపే లోహపు అచ్చు) చేయించాక నా దగ్గరికి వచ్చింది. మూత మీద హృదయం గుర్తు, దాని కింద ఉబ్బెత్తుగా "అమ్మ చేతి వంట". ఎమోషన్ లేనిదే సరుకు కదలదని ఏదో వీడియోలో చెప్పారట. నాన్న వండే ఇళ్లున్నాయి, హాస్టల్ పిల్లలున్నారు, అమ్మ లేని పిల్లలున్నారు. వాళ్లకి ఆ మూత రోజూ ఏం చెబుతుంది? షాపులవాళ్లు సరుకు వెనక్కి పంపుతుంటే ఆవిడకు నిద్ర లేదు.

పైకి ఉబ్బిన అక్షరం అంటే మోల్డ్‌లో లోపలికి చెక్కిన గుంట. మోల్డ్‌లో లోహం తీయడం తేలిక, నింపడం కష్టం. వెల్డింగ్ పెట్టి, మళ్లీ మెషినింగ్ చేసి, పాలిష్ పట్టినా మచ్చ కనబడుతుందనే భయం ఉంటుంది. చివరికి ఆ భాగం వరకు కోసి, నున్నటి ఇన్సర్ట్ (మోల్డ్‌లో విడిగా బిగించే లోహపు ముక్క) బిగించాం. ఆ ఖర్చు ఆవిడ పెట్టాల్సింది కాదు. అప్పు తెచ్చి మోల్డ్ చేయించినవాళ్లకు ఖాళీ మూత చూస్తే గుండె జారుతుంది, ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. తెలియని విషయం మీద ధైర్యంగా సలహాలిచ్చేవాళ్లనే భరించలేను.

అపోహ: ప్లెయిన్ అంటే చవక.

వాస్తవం: నున్నటి గ్లాసీ ప్లాస్టిక్ మీద సింక్ మార్క్ (ప్లాస్టిక్ చల్లారేటప్పుడు పడే సొట్ట), వెల్డ్ లైన్ (రెండు వైపుల నుంచి వచ్చిన ప్లాస్టిక్ కలిసిన చోట పడే గీత) కొట్టొచ్చినట్టు కనబడతాయి. టెక్స్చర్ (గరుకు పైభాగం) ఉంటే వాటిని చాలావరకు కప్పేస్తుంది. కాబట్టి సాదా వస్తువుకు రిబ్ (లోపలివైపు బలానికి పెట్టే పట్టీ) మందం, గేట్ (ప్లాస్టిక్ మోల్డ్‌లోకి దిగే రంధ్రం) చోటు ముందే గట్టిగా చూసుకోవాలి.

అపోహ: ఉన్నవన్నీ తీసేస్తే మినిమల్.

వాస్తవం: కొలత గీత, మూత ఎటు తిప్పాలో చెప్పే గుర్తు, చేతికి పట్టు తీసేస్తే అది పనికిరాని వస్తువు. మా అమ్మ ఇండక్షన్ స్టవ్ మీద ఆన్ చేసేచోటు కనబడక అక్కడ బొట్టుబిళ్ల అంటించుకుంది. ఎర్రగా, దూరం నుంచి కూడా తెలుస్తుంది. స్టవ్ చేసినవాళ్లు ఎగ్గొట్టిన పని ఆవిడ చేసుకుంది.

అపోహ: తెలుపు, బూడిద రంగులే మినిమల్.

వాస్తవం: ఏటికొప్పాక లక్క బొంగరం చూడండి. ఎరుపు, పసుపు ఎంత మెరిసినా ఆకారంలో అనవసరమైన వంపు ఒక్కటీ లేదు.

మోల్డ్ ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు ముందు ఇవి చేయండి. లోగో అడుగున వేయండి, అదీ విడి ఇన్సర్ట్‌లో. మూత నడుమ పేరు పట్టేంత చదును చోటు వదలండి. మొదటి బ్యాచ్‌లో కొన్నిటిని తెలిసిన ఇళ్లలో నెలరోజులు వాడనిచ్చి, వాటి మీద వాళ్లు ఏం రాశారో, ఏం అంటించారో వెళ్లి చూడండి.