చిట్టెలుక మోకాలు ఎక్కడుంది? యానిమల్ హౌస్ అపోహలు, వాస్తవాలు

బరంపురంలో ఒక కాలేజీలో ప్రయోగాల ఎలుకల్ని ఉంచే యానిమల్ హౌస్‌కి వెటర్నరీ డాక్టర్‌గా వెళ్తుంటాను. ఒడిశాలోని గంజాం జిల్లా కదా, అక్కడ ఒకరు ఒడియాలో "మూషా" అంటే ఇంకొకరు తెలుగులో "సిట్టెలిక" అంటారు. దాని వెనక కాలి మీద ఉన్న అపోహలు మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే.

అపోహ: చిట్టెలుక మోకాలు వెనక్కి వంగుతుంది.

అలా కనిపించేది మడమ. అసలు మోకాలు పొట్ట పక్కన, బొచ్చు చాటున, మనకులాగే ముందుకు వంగి ఉంటుంది. రిజిస్టర్లో "మోకాలి వాపు" అని రాసినవాటిలో నేను చూసినవి చాలామటుకు చీలమండ వాపులే. మోకాలు నిజంగా వాస్తే కంటికి ఆనదు. రెండు కాళ్లూ వేలితో తడిమి పోల్చాల్సిందే.

అపోహ: ప్రయోగంలో ఉన్న ఎలుక కాలు వాచిందంటే అది ప్రయోగం వల్లే.

ఈ అపోహకి మూల్యం నేనే చెల్లించాను. ఒక వేసవిలో కీళ్లవాతం ప్రయోగానికి డీబీఏ-1 రకం మగ ఎలుకలు తెప్పించారు. వేర్వేరు ఈతల వాటిని ఒకే పెట్టెలో సర్దుతామంటే సంతకం పెట్టింది నేనే. కొన్ని వారాలకి చీలమండలు ఉబ్బాయి. కీళ్లవాతం తెప్పించడానికి ఇచ్చిన కొలాజెన్ ఇంజెక్షన్ పనిచేసిందని విద్యార్థి సంబరంగా మార్కులు వేసుకుంటున్నాడు. అటెండర్ మాత్రం, "రేత్రల్లా కొట్టుకుంటన్నాయి బాబూ, పొద్దున సూత్తే ఊక నిండా నెత్తురు" అన్నాడు. తోకలు, నడుములు చూశాను. అన్నీ కాట్లే. ఇంజెక్షన్ ఇవ్వని పెట్టెలోనూ రెండు ఎలుకలకి అదే వాపు! ఈ రకం మగవాటిని కలిపి ఉంచితే వెనక పాదాల కీళ్లు వాటంతటవే వాచి బిగుసుకుపోతాయి. పుస్తకాల్లో ఉన్న సంగతే, నాకే సమయానికి గుర్తు రాలేదు. ఆ బ్యాచ్ లెక్కలన్నీ పక్కన పడేశాం.

అప్పట్నుంచి ఒకే ఈత మగపిల్లల్నే కలిపి ఉంచుతున్నాం. పెట్టె మార్చేటప్పుడు గూడు కట్టుకున్న కాగితం ముక్కలు కొత్తదాంట్లో వేస్తాం, ఉచ్చ తడిసిన ఊక వేయం. ఆ ఊక వేస్తే కొట్లాట ఇంకా పెరుగుతుంది.

అపోహ: తింటోంది, తిరుగుతోంది, అంటే నొప్పి లేదు.

పిల్లికి, గద్దకి ఆహారమయ్యే జీవి కుంటుతూ కనిపిస్తే బతకదు, అందుకే దాస్తుంది. ముఖం చూడండి: కళ్లు కుదించుకోవడం, ముక్కు, బుగ్గలు ఉబ్బడం, చెవులు వెనక్కి పోవడం, మీసాలు బిగుసుకోవడం. 2010లో వచ్చిన ముఖకవళికల కొలమానంలో ఉన్నవి ఈ అయిదే. పెట్టె మూత తీయకముందే చూడాలి, తీశాక భయంతో అన్నీ మారిపోతాయి.

అపోహ: చిన్న ప్రాణి, అదే అతుక్కుంటుంది.

ఎముకైతే సరే, కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. మృదులాస్థి అలా కాదు. ఎలుక మోకాల్లో దాని మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. లోపలి వైపు నెలవంక ఆకారపు మృదులాస్థికి పట్టు ఇచ్చే ఒక్క చిన్న లిగమెంటు తెగితే చాలు, ఎనిమిది వారాల్లో అరుగుదల కనిపిస్తుంది. మోకాళ్ల అరుగుదల మీద పరిశోధించేవాళ్లు కావాలని చేసే శస్త్రచికిత్స కూడా ఇదే.

ఇంకొకటి, నీళ్లసీసాలో నొప్పి మందు కలిపేస్తే సరిపోతుందనుకోవడం. కొత్త రుచి తగిలితే ఎలుక మూతి తిప్పుకుంటుంది. నొప్పిగా ఉన్నది అసలే తక్కువ తాగుతుంది. నేనైతే బరువు తూచి, లెక్కగట్టి ఇంజెక్షనే ఇస్తాను.