పక్క బడి టీచరు మన తరగతిలో కూర్చున్న పూట: దక్షిణ తెలంగాణలో తోటి ఉపాధ్యాయుల తోడ్పాటుకు నేపథ్యం

దేవరకొండ, అచ్చంపేట వైపు తండా బడుల్లో ఒంటరిగా పనిచేసే ఉపాధ్యాయులకు తోటి ఉపాధ్యాయుల ముఖం చూసే వీలు సాధారణంగా నెలకొక్కసారే, స్కూల్ కాంప్లెక్స్ సమావేశం నాడే దొరుకుతుంది. ఆ రోజు చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల వారంతా హైస్కూలులోని ఒక గదిలో కూర్చుంటారు. ఒకరు లేచి మాదిరి పాఠం చెబుతారు, మిగిలినవారు రెండు మూడు సలహాలు ఇస్తారు, మధ్యాహ్నం భోజనాలయ్యాక మాట పంపవలసిన నివేదికల మీదికి, ఆన్‌లైన్‌లో నింపవలసిన వివరాల మీదికి మళ్లుతుంది. ఆ మాదిరి పాఠాన్ని వినేది పిల్లలు కాదు, పెద్దలు. తీసివేత తెలిసినవారికే తీసివేత చెప్పడం, ఒత్తులు వచ్చినవారికే ఒత్తులు నేర్పడం అక్కడ జరిగే పని. బోధనలో అసలు చిక్కు ఎక్కడ పడుతుందో ఆ చోటు, అంటే పిల్లవాడి పలక, ఆ గదిలో ఉండదు.

ఒక ఉపాధ్యాయుడు మరొకరి తరగతిలోనే కూర్చుని, పాఠం సాగుతున్నంతసేపూ పిల్లలను గమనించి, తర్వాత ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోవడాన్ని ఇప్పుడు పీర్ కోచింగ్ అనీ, మెంటారింగ్ అనీ అంటున్నారు. పేర్లు కొత్తవే గాని, ఈ ఆలోచన మీద ప్రభుత్వ ధనం ఖర్చవడం మన ప్రాంతంలో కొత్త కాదు. దాదాపు నలభై ఏళ్లుగా ఏదో ఒక పథకం పేరుతో అది సాగుతూనే ఉంది. అయితే ఆ డబ్బు శిక్షణ రోజులకు, భవనాలకు, పోస్టులకు చేరినంతగా ఒక టీచరు ఇంకో టీచరు తరగతిలో గడిపే ఆ ఒక్క పూటకు చేరలేదు. ఎందుకు చేరలేదన్నది తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

బడిలోకి బయటి మనిషి వచ్చాడంటే తనిఖీకే వచ్చాడన్న భావం ఇక్కడ పాతుకుపోయినది. నిజాం కాలపు తాలీమాత్ శాఖ, అంటే విద్యాశాఖలోనూ, ఆ తర్వాత వచ్చిన డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ల కాలంలోనూ బడికి వచ్చే అధికారి హాజరు పట్టీ చూడడం, నాలుగు ప్రశ్నలు అడగడం, రిమార్కు రాసి వెళ్లడం ఆనవాయితీ. 1959 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించాక ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల కిందికి వచ్చాయి. యాజమాన్యం మారింది గాని తనిఖీ తీరు మారలేదు. 1980ల మధ్యలో సమితులు పోయి మండలాలు వచ్చి, మండల విద్యాధికారి పోస్టు ఏర్పడినప్పుడు కూడా ఆ అధికారి నుంచి ఉపాధ్యాయుడు మొదట ఆశించింది జీతం బిల్లు, తర్వాత భయపడింది మెమో.

దీనికి భిన్నమైన ఊహ మొదట కనిపించేది దేశ విద్యావ్యవస్థను పరిశీలించడానికి ఏర్పడిన 1964-66 నాటి కొఠారి కమిషన్ నివేదికలో. ఊరి బడి ఒంటరిదై పోతున్నదనీ, ఒక హైస్కూలును కేంద్రంగా చేసుకుని చుట్టుపక్కల ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలలు ఒక కాంప్లెక్సుగా కలిసి పనిచేయాలనీ ఆ కమిషన్ చెప్పింది. గ్రంథాలయం, ప్రయోగశాల, అనుభవం గల ఉపాధ్యాయుల సహాయం అందరికీ అందాలన్నది ఉద్దేశం. 1986 జాతీయ విద్యా విధానం అదే మాటను మళ్లీ చెప్పింది, ఆ మరుసటి ఏడాది నుంచి జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అంటే మనం డైట్లు అని పిలిచేవి, ఏర్పడడం మొదలైంది.

మన ఉపాధ్యాయుల జ్ఞాపకంలో మాత్రం ఈ కథ ఏపీపీఈపీతోనే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అనే ఆ కార్యక్రమానికి బ్రిటిష్ ప్రభుత్వం తన విదేశీ అభివృద్ధి విభాగం ద్వారా సహాయం చేసింది. 1980ల మధ్యలో కొన్ని పాఠశాలల్లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించి, 1996 దాకా నడిచింది. ఇంగ్లండులో 1960లలో ఉపాధ్యాయులు తమంతట తాము కలుసుకుని పాఠ్యసామగ్రి తయారు చేసుకున్న టీచర్స్ సెంటర్ల నమూనా ఆ దారిన మన మండలాలకు చేరింది. పథకం ఆరు బోధనా సూత్రాలను చెప్పేది: పిల్లలు కృత్యాల ద్వారా తామే నేర్చుకోవాలి, చేసి చూసి కనుక్కోవాలి, తరగతి పని ఒంటరిగానూ జట్లుగానూ మొత్తంగానూ సాగాలి, పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవాలి, ఊరి పరిసరాలను పాఠంలోకి తేవాలి, పిల్లలు చేసినవాటిని గోడమీద ప్రదర్శించి తరగతి గదిని కళగా ఉంచాలి. ఆ రోజుల్లో బడి గోడల వెంట కట్టిన పురికొసలూ, వాటికి వేలాడిన పిల్లల బొమ్మలూ చూసినవారు ఇప్పటికీ ఉన్నారు.

టీచర్స్ సెంటర్‌లో జరిగేది నిజానికి ఒక చిన్న సమావేశమే అయినా, అక్కడ పరిచయమైనవారు ఒకరి బడికి ఒకరు రావడానికి మొహమాటపడేవారు కాదు. అప్పట్లో నేను నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరి బడిలో మూడు, నాలుగు తరగతులు కలిపి చెప్పేవాణ్ణి. ఒకనాడు పక్క ఊరి బడిలో పనిచేసే టీచరమ్మ వచ్చి, కుర్చీ వేయబోతే వద్దని, పిల్లల వెనక చాపమీద కూర్చున్నారు. నేను బోర్డు దగ్గర రెండంకెల తీసివేతలు చేయిస్తున్నాను. 42లోంచి 17 తీసేయమంటే సగం మంది పలకలమీద 35 అని రాశారు. వారం రోజులుగా ఆ లెక్కలకు ఇంటూ గుర్తు పెడుతూ, మళ్లీ మళ్లీ అదే చెబుతూ వస్తున్నాను. పాఠం అయ్యాక ఆమె అన్నారు: "సార్, తప్పు చేసినవాళ్లంతా ఒకే తప్పు చేస్తున్నారు, చూశారా? పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని మీరు చెప్పిన మాటనే పట్టుకుని, ఏడులోంచి రెండు తీస్తున్నారు." నేను నిలబడ్డ చోటి నుంచి పలకలు కనిపించవు, ఆమె కూర్చున్న చోటి నుంచి కనిపించాయి. మర్నాడు కందికట్టెను చిన్న ముక్కలుగా విరిచి, పదేసి చొప్పున కట్టలు కట్టి, నాలుగు కట్టలూ రెండు విడి పుల్లలూ పిల్లల చేతికిచ్చాను. పదిహేడు పుల్లలు ఇమ్మనేసరికి ఒక పిల్లవాడు నన్నడగకుండానే కట్ట విప్పాడు.

దాదాపు అదే కాలంలో దూరాన అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయాన్నే శాస్త్రీయంగా పరిశీలించారు. ఉపన్యాసం విన్నా, నమూనా పాఠం చూసినా, శిక్షణలో సాధన చేసినా, తరగతిలోకి చేరేది తక్కువేననీ, తోటివారి తోడ్పాటు తర్వాత కూడా కొనసాగినప్పుడే కొత్త పద్ధతి అలవాటుగా మారుతుందనీ 1980ల తొలినాళ్ల నుంచి వారు రాస్తూ వచ్చారు. అంతకంటే మనకు పనికివచ్చే మాట వారు 1996లో చెప్పారు. చూడవచ్చిన ఉపాధ్యాయుడు పాఠం మీద తీర్పు చెప్పడం మొదలుపెడితే ఆ బంధం తనిఖీగా మారిపోతున్నదని గ్రహించి, నోటిమాటగా వ్యాఖ్యానించడాన్ని తమ పద్ధతిలోంచే తొలగించారు; కలిసి పాఠం తయారుచేసుకోవడాన్నీ, ఒకరినొకరు చూసి నేర్చుకోవడాన్నీ మాత్రం ఉంచారు. తనిఖీ నీడ ఇంత పొడవుగా పడిన మన ప్రాంతంలో ఈ హెచ్చరికను ఏ పథకమూ సీరియస్‌గా తీసుకోలేదని నా అభిప్రాయం.

1996లో డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, రాష్ట్రంలోని 5 జిల్లాల్లో మొదలై, తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో మహబూబ్‌నగర్, నల్లగొండ సహా మరిన్ని జిల్లాలకు విస్తరించింది. టీచర్స్ సెంటర్లకు పై అంచెగా అప్పుడు మండల రిసోర్స్ సెంటర్ అనే భవనం లేచింది. పనిచేస్తున్న ఉపాధ్యాయుల్లోంచే కొందరిని మండల రిసోర్స్ పర్సన్లుగా, అంటే ఎంఆర్‌పీలుగా, డిప్యుటేషన్ మీద తీసుకున్నారు. వారు బడులకు తిరిగి, టీచరుతో కలిసి పాఠం చెప్పి చూపాలి. మంచి ఎంఆర్‌పీ దొరికిన మండలాల్లో అది జరిగింది కూడా. కానీ ఆ ఎంఆర్‌పీ కూర్చునే గది మండల విద్యాధికారి కార్యాలయం పక్కనే. అక్కడ గుమాస్తాలు తక్కువ, కాగితాలు ఎక్కువ. బడిబయటి పిల్లల సర్వే, పాఠ్యపుస్తకాల పంపిణీ, జిల్లాకు వెళ్లవలసిన లెక్కలు అన్నీ ఆ మనిషి మీదే పడ్డాయి. బడికి వెళ్లినప్పుడు కూడా చేతిలో నింపవలసిన ఫారం ఉండేది. ఆయన బడి గడప తొక్కగానే టీచరు బీరువాలోంచి రిజిస్టర్లు తీసి బల్లమీద పెట్టడం అలవాటైపోయింది.

2001లో వచ్చిన సర్వశిక్షా అభియాన్ ఈ ఏర్పాటును దేశమంతటా ఒక మూసలో పోసింది. ఒక్కో ఉపాధ్యాయుడికి ఏడాదికి 20 రోజుల శిక్షణ, రోజుకు 70 రూపాయలు, బోధనా సామగ్రికి ఏడాదికి 500 రూపాయల టీచర్ గ్రాంటు అని నిబంధనల్లో రాసుకున్నారు. ఆ 500 రూపాయలతో చార్టులు, స్కెచ్ పెన్నులు, అట్టముక్కలు కొని ఎందరో శ్రద్ధగా బోధనా సామగ్రి చేసుకున్నారు; ఆ డబ్బును నేను తక్కువ చేసి చెప్పడం లేదు. అయితే శిక్షణకు వెళ్లిన రోజులను లెక్కపెట్టడం సులువు, తరగతిలో వచ్చిన మార్పును లెక్కపెట్టడం కష్టం. అందుకే ఖర్చు వివరాల్లో మొదటిదే నిలిచింది. రాష్ట్ర స్థాయిలో కొందరికి, వారు జిల్లాలో కొందరికి, వారు మండలంలో అందరికీ చెప్పే అంచెల శిక్షణలో పైన రెండు రోజుల చర్చగా మొదలైనది మండలానికి వచ్చేసరికి ఒక పూట ఉపన్యాసంగా మిగిలేది.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక సవరించిన నిబంధనల్లో సగటున 18 పాఠశాలలకు ఒక క్లస్టర్ సమన్వయకర్త ఉండాలన్నారు. మన దగ్గర సీఆర్పీలుగా పిలిచే వీరు క్రమంగా కాంట్రాక్టు ఉద్యోగులయ్యారు. వీరిపై ఉపాధ్యాయులు చేసే ఫిర్యాదు, వీరు ఉపాధ్యాయులపై చేసే ఫిర్యాదు రెండూ నేను విన్నాను, రెండింటిలోనూ న్యాయం ఉంది. ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి, తరగతి నడపని యువకుడు వచ్చి సలహా చెబితే రుచించదు. తక్కువ జీతానికి, భద్రత లేని కొలువులో, సొంత బండిమీద ఊరూరూ తిరిగి యూ-డైస్ అనే బడుల గణాంకాల పట్టికకు వివరాలు పోగుచేసే ఆ యువకుడికి పాఠం గమనించే తీరిక ఎవరూ ఇవ్వలేదు. సీఆర్పీలు సహా, సర్వశిక్షా అభియాన్ తర్వాతి రూపమైన సమగ్ర శిక్ష కాంట్రాక్టు ఉద్యోగులు 2024 డిసెంబరులో క్రమబద్ధీకరణ కోసం సమ్మెకు దిగినప్పుడు, సీఆర్పీలు లేక మండలాల్లో ఆగిపోయినది ప్రధానంగా సమాచార సేకరణ. వారి పని చివరికి ఏమైపోయిందో అర్థం కావడానికి అది చాలు.

ఈ ప్రాంతపు సొంత ఇబ్బందులు కూడా ఉన్నాయి. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం దగ్గరే ఉంది, అప్పటి రాష్ట్రంలో అదే అట్టడుగు. నల్లగొండలో అది 64 శాతం. వలసపోయే తల్లిదండ్రుల వెంట పిల్లలు నెలల తరబడి వెళ్లిపోతారు. లంబాడీ మాట్లాడే పిల్లలు, అమ్రాబాద్ అడవుల్లో చెంచు పిల్లలు, కృష్ణా, మాగనూర్ వైపు కన్నడం మాట్లాడే పిల్లలు ఉన్న తరగతులు ఇవి. ఇలాంటి తరగతి నడిపేవారికి సలహా చెప్పదగినవారు ఇలాంటి తరగతి నడిపినవారే. కానీ వారిలో చాలామంది ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఉన్నారు. ఒక టీచరు పక్క బడికి వెళితే ఈ బడి మూతపడుతుంది. తోటి ఉపాధ్యాయుల తోడ్పాటుకు మొదటి ఖర్చు శిక్షకుడిది కాదు, వెళ్లిన టీచరు స్థానంలో ఆ పూట పిల్లలను చూసుకునే మనిషిది. ఏపీపీఈపీ నుంచి నేటి దాకా నాకు తెలిసిన ఏ పథకమూ ఈ పద్దును గుర్తించలేదు.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి నల్లగొండ మూడు జిల్లాలుగా, మహబూబ్‌నగర్ మొదట నాలుగు జిల్లాలుగా విడిపోయాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా జిల్లా అయింది. కొత్త జిల్లాలకు కలెక్టరేట్లు వచ్చాయి గాని డైట్లు పాత జిల్లా కేంద్రాల్లోనే ఉండిపోయాయి. అలంపూర్ ఉపాధ్యాయుడికి డైట్ అంటే ఇప్పటికీ మహబూబ్‌నగరే.

2018లో సర్వశిక్షా అభియాన్ సమగ్ర శిక్షలో కలిసింది. కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున ఖర్చు భరిస్తున్నాయి. 2019లో నిష్ఠా అనే కేంద్ర ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ వచ్చి, మరుసటి ఏడాది కొవిడ్ వల్ల దీక్షా అనే ఆన్‌లైన్ వేదిక మీదికి, అంటే ఫోను తెర మీదికి మారింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి అభివృద్ధి ఉండాలనీ, కాంప్లెక్సులను బలపరచాలనీ, మెంటారింగ్ కోసం జాతీయ మిషన్ నెలకొల్పాలనీ చెప్పింది. రాష్ట్రంలో 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ప్రాథమిక తరగతుల చదవడం, రాయడం, లెక్కలు చేయడం మీద దృష్టి పెట్టి, నెలవారీ సమావేశాలకు కొంత పదును తెచ్చింది; పిల్లల స్థాయిల గురించి టీచర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నిజంగా పెరిగింది. అయితే మండల నోడల్ అధికారి బడికి వచ్చేది మళ్లీ పర్యవేక్షణ ఫారంతోనే.

పెద్ద ఎత్తున చేస్తే ఇది ఎక్కడైనా పలచబడుతుందన్నది నిజమే. మాథ్యూ క్రాఫ్ట్, మరో ఇద్దరు 2018లో 60 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కోచింగ్ వల్ల బోధన, పిల్లల చదువు రెండూ మెరుగుపడ్డాయని తేలింది, కార్యక్రమం పెద్దదైన కొద్దీ ఆ ఫలితం తగ్గిందని కూడా తేలింది. అందుకే మండలానికి ఒక మెంటార్ అనే లెక్క కంటే, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న రెండు మూడు బడులను జతచేసి, నెలకు ఒక పూటను డ్యూటీగా గుర్తించి, ఆ పూటకు బదులు మనిషిని ఇవ్వడం మన ప్రాంతానికి తగిన ఏర్పాటని నేను నమ్ముతున్నాను. చూడవచ్చినవారు ఏ ఫారమూ నింపకూడదు.

42లోంచి 17 తీసే లెక్క నాడు మా బడికి వచ్చిన టీచరమ్మ అక్కడికి ఎలా రాగలిగారో నేను చాలా రోజుల తర్వాత, ఒక సెంటర్ సమావేశంలో మాటల మధ్య తెలుసుకున్నాను. ఆ నెల టీచర్స్ సెంటర్ సమావేశం లేదు, ఓడీ, అంటే డ్యూటీ మీద వెళ్లినట్టు అనుమతి, ఇచ్చే అధికారం ఆమె హెడ్మాస్టరుకు లేదు. వారి బడి హాజరు పట్టీలో ఆ రోజు ఆమె పేరు ఎదురుగా సీఎల్, అంటే సొంత సెలవు, అని ఉంది.