పులిహోర పళ్ళెం, రాత్రి స్నానం

మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. పొద్దున స్నానం చెయ్యందే కాఫీ ముట్టడు. వాడి భార్య రాత్రి స్నానం చెయ్యందే మంచం ఎక్కదు. మొన్న ఆదివారం ఇద్దరూ ఫోన్ స్పీకర్‌లో పెట్టి, "మావయ్యా, ఫిజిక్స్ చెప్పినవాడివి, నువ్వే తేల్చు. ఏ పూట స్నానం మంచిది?" అన్నారు.

"రెండు పూటలా చెయ్యండిరా" అని పెట్టెయ్యొచ్చు. మన ఎండలకి చాలామంది చేసేది అదే. కానీ ఆ ప్రశ్న వెనక నాకు ఎంతో ఇష్టమైన ఉష్ణశాస్త్రం ఉంది. ఇంటర్ పిల్లలకి ఆ చాప్టర్ మొదలుపెట్టే రోజున బోర్డు మీద ఒక వాక్యం రాసేవాణ్ణి: "వేణ్ణీళ్ళు పోసుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది." తప్పా ఒప్పా? క్లాసంతా తప్పని అరిచేది. ఇంత తేలిక ప్రశ్న అడిగినందుకు నన్ను జాలిగా చూసేవాళ్ళు కూడా. ఒప్పే. దాన్ని ఒప్పించడానికి నాకు ఒక పూర్తి పీరియడ్ పట్టేది.

శుభ్రత సంగతి ముందు రెండు ముక్కల్లో తేల్చేస్తాను, అందులో నాకు పెద్ద ఆసక్తి లేదు. అప్పుడే కారిన చెమటకి వాసన ఉండదు. చంకల్లో ఊరే స్రావాన్ని అక్కడ కాపురం ఉండే బాక్టీరియా తిని, గంధకం కలిసిన ఘాటైన పదార్థాలుగా మారుస్తుంది. వాటిలో స్టెఫైలోకాకస్ హోమినిస్ అనే సూక్ష్మజీవి ఏ ఎంజైముతో ఈ పని చేస్తుందో 2020లో ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు విడమరిచి చూపించారు. రాత్రి ఎంత తోముకున్నా తెల్లారేసరికి అవి మళ్ళీ పెరుగుతాయి. కాబట్టి ఆఫీసులో పక్క సీటువాళ్ళ కోసమైతే పొద్దున, దిండు గలీబు కోసమైతే రాత్రి. అయిపోయింది.

ఇక అసలు విషయం నిద్ర.

మన లోపలి ఉష్ణోగ్రత రోజంతా 37 డిగ్రీల దగ్గరే నిలబడి ఉండదు. సాయంత్రానికి బాగా పైకి వెళ్ళి, రాత్రి దిగుతూ, తెల్లవారుజామున నాలుగైదు గంటలప్పుడు అడుక్కి చేరుతుంది. పైకీ కిందికీ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ. ఇది తలుపులన్నీ మూసిన చీకటి గదిలో ఉన్నా జరుగుతుంది, ఎందుకంటే గడియారం మెదడులో ఉంది. ఆ ఉష్ణోగ్రత దిగడం మొదలైతే మనకి తేలిగ్గా కునుకు పడుతుంది. కునుకు పట్టించాలంటే లోపలి వేడిని బయటికి పంపాలి. ఎలా పంపుతుంది ఒళ్ళు?

ఇక్కడ వంటింట్లోకి రండి. పులిహోరకి అన్నం వండాక ఎవరూ గిన్నెలోనే పులుసు కలపరు. వెడల్పాటి పళ్ళెంలో కుమ్మరించి, గరిటెతో పలచగా పరిచి, కాస్త నూనె, పసుపు చల్లి ఫ్యాను కింద పెడతారు. గిన్నెలో ఉంచితే గంట తర్వాత కూడా నడిమి అన్నం చెయ్యి కాలుస్తుంది. పళ్ళెంలో పది నిమిషాలు చాలు. అదే అన్నం, అందులో ఉన్న వేడీ అదే. గాలికి తగిలే వైశాల్యం మాత్రమే మారింది.

మన మొండెం గిన్నె. కాలేయం, గుండె, పేగులు, వాటి పైన మెదడు, కదలకుండా కూర్చున్నప్పుడు వేడి ఎక్కువగా పుట్టేది వీటిలోనే. అరచేతులు, అరికాళ్ళు, చెవులు పళ్ళేలు. పలచగా, చదునుగా ఉంటాయి. ఎంత మాంసానికి ఎంత చర్మం అని లెక్క వేస్తే శరీరంలో వీటిదే పైచెయ్యి. గిన్నెలోంచి పళ్ళెంలోకి వేడిని మోసే గరిటె రక్తం.

ఆ గరిటె పనితనం చూడండి. మామూలుగా ధమని చీలుతూ చీలుతూ వెంట్రుకకన్నా సన్నటి కేశనాళికలు అవుతుంది, అవి మళ్ళీ కలిసి సిర అవుతాయి. అరచేతిలో, అరికాలిలో మాత్రం ధమని నుంచి సిరకి నేరుగా వెళ్ళే అడ్డదారులు ఉన్నాయి. కణాలకి ఆహారం ఇవ్వడం వీటి పని కాదు. వేడి రక్తాన్ని చర్మం కిందికి తెచ్చి తిప్పి పంపడమే వీటి ఉద్యోగం. ఇవి కేశనాళికలకన్నా ఎన్నో రెట్లు వెడల్పు. గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుందని పాయిజోయి సూత్రం. పొడవూ పీడనమూ ఒకటే అనుకుంటే, ఐదింతలు వెడల్పున్న గొట్టంలో 5 × 5 × 5 × 5, అంటే 625 రెట్లు ద్రవం పోతుంది. అందుకే ఈ అడ్డదారులకి తలుపు తీయడం, మూయడం అంత ముఖ్యం. తలుపులు మెదడు చేతిలో ఉన్నాయి. తీస్తే పళ్ళెం నిండుతుంది, మూస్తే గిన్నెలో వేడి గిన్నెలోనే. చలికాలం పొద్దున్నే చేతివేళ్ళు మంచులా ఉండి కడుపు వెచ్చగా ఉండడం, మూసిన తలుపు.

సాయంత్రం పొద్దుపోయాక మెదడు ఈ తలుపుల్ని తనంతట తానే కొద్దికొద్దిగా తీస్తుంది. స్విట్జర్లండులో బాసెల్ పరిశోధకులు 1999లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వేశారు. నిద్ర ఎంత త్వరగా పడుతుందో ముందే చెప్పగల కొలతలన్నిటిలోకీ మేలైనది, కాళ్ళూ చేతులూ మొండెంతో పోలిస్తే ఎంత వెచ్చబడ్డాయనేదే అని తేల్చారు. నిద్రవేళ ఒంట్లో ఊరే మెలటోనిన్ అనే హార్మోను కొలతకన్నా అదే బాగా పనిచేసింది.

ఇప్పుడు వేణ్ణీళ్ళు పోసుకుందాం. నీళ్ళ వేడికి చర్మం కింద తలుపులన్నీ ఒక్కసారి బార్లా తెరుచుకుంటాయి. స్నానం చేస్తున్నంతసేపూ వేడి లోపలికి వెళ్తుంది, ఒంటి వేడి కాస్త పెరుగుతుంది కూడా. క్లాసు పిల్లలు అక్కడిదాకా చూసి ఆగిపోయేవాళ్ళు. తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చాక తలుపులు వెంటనే మూసుకోవు. బయట గాలి చల్లగా ఉంది, పళ్ళెం నిండుగా ఉంది. గిన్నెలో వేడి బయటికి పారుతూనే ఉంటుంది. ఆ తర్వాత ఒళ్ళు స్నానం చెయ్యని రోజుకన్నా జోరుగా చల్లబడుతుంది.

ఎంతసేపు పడుతుంది? ఇది నా సొంత లెక్క, చాలా మొరటు లెక్క. మనిషి బరువు 60 కిలోలు. ఒక కిలో శరీరం ఒక డిగ్రీ తగ్గాలంటే సుమారు 3.5 కిలోజౌళ్ళు పోవాలి. అర డిగ్రీ తగ్గడానికి 60 × 3.5 × 0.5 = 105 కిలోజౌళ్ళు. ఊరికే పడుకుని ఉన్నా ఒంట్లో సుమారు 80 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది, పాతకాలపు బల్బులాగా. పుట్టినదంతా పోగా, ఇంకో 30 వాట్లు అదనంగా బయటికి పోతున్నాయనుకుందాం. వాట్ అంటే సెకనుకి ఒక జౌలు కాబట్టి, 1,05,000 జౌళ్ళని 30తో భాగిస్తే 3,500 సెకన్లు. ఇంచుమించు గంట.

2019లో అమెరికాలో, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ విషయం మీద 5,322 అధ్యయనాలు జల్లెడ పట్టి, పనికొచ్చేవి పదిహేడు మాత్రమే పక్కన పెట్టుకున్నారు. వాళ్ళు తేల్చింది: నీళ్ళు 40 నుంచి 42.5 డిగ్రీలు ఉండాలి, పది నిమిషాలైనా చాలు, పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు చెయ్యాలి. అప్పుడు సగటున పది నిమిషాలు ముందు నిద్ర పడుతుంది. పది నిమిషాలేనా అనకండి, రాత్రి రెండింటికి సీలింగ్ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేవాళ్ళని అడగండి. స్నానం చేసీ చెయ్యగానే మంచం ఎక్కేస్తే మాత్రం ఒళ్ళు ఇంకా పొగలు కక్కుతూనే ఉంటుంది. వేడి అన్నంలో పులుసు కలిపినట్టు.

ఈ గంట, రెండు గంటల మాట చదివినప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. చీకటి పడేవేళకి పొలం నుంచి రాగానే పెరట్లో కాగు కింద పుల్లలు ఎగదోసి, వేణ్ణీళ్ళు తొలిపి పోసుకునేవాళ్ళు. ఆ తర్వాతే అన్నం. తిన్నాక స్నానం చెయ్యకూడదని కచ్చితంగా చెప్పేవాళ్ళు. కారణంగా వాళ్ళు చెప్పే అరుగుదల మాటని నేను పెద్దగా పట్టించుకోను. కానీ ఆ నియమం వల్ల ఏం జరిగింది? ఏడింటికి స్నానం, భోజనం, అరుగు మీద కబుర్లు, తొమ్మిదింటికి నులక మంచం. టెక్సాస్ వాళ్ళ టైంటేబుల్ తు.చ. తప్పకుండా అమలైపోయింది.

ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే ఒక జాబితా ఉంది: తెల్లవారుజామున చేస్తే ముని స్నానం, తర్వాత దేవ స్నానం, మానవ స్నానం, ఎనిమిది దాటితే రాక్షస స్నానం. ఆ లెక్కన పగలంతా నాట్లేసి వచ్చి సాయంత్రం స్నానం చేసిన మనిషి రాక్షసుడు! మా స్టాఫ్‌రూంలో సెలవురోజుల్లో సగం మందికి కొమ్ములు మొలవాలి. ఇలాంటివి పంపే ముందు ఒక్కసారి వరిమడిలో కాలు పెట్టి చూస్తే బాగుండు.

అలాగని పొద్దున స్నానాన్ని తీసిపారెయ్యడం లేదు. దాని పని వేరు, అంతే. కార్తీకంలో తెల్లారకముందే చన్నీళ్ళలో మునిగేవాళ్ళని తలుచుకోండి. ఒళ్ళు రోజు మొత్తంలో అత్యంత చల్లగా ఉండే వేళ అది, ఇక పైకి ఎక్కాలి. చన్నీళ్ళు తగలగానే తలుపులు టక్కున మూసుకుంటాయి. ఊపిరి ఒక్కసారి ఎగబీల్చుకుంటుంది, ఒంటిని మేలుకొలిపే నారెడ్రినలిన్ అనే హార్మోను ఎగుస్తుంది, గుండె దడదడలాడుతుంది. నిద్రమత్తు ఉండమన్నా ఉండదు. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి ఆ దడ మంచిది కాదు, వాళ్ళు గోరువెచ్చటి నీళ్ళకే పరిమితం కావాలి. నెదర్లండ్స్‌లో 3,018 మందితో ఒక ప్రయోగం చేశారు. రోజూ మామూలు స్నానం చివర కొందరు 30 సెకన్లు, కొందరు 60, కొందరు 90 సెకన్లు చన్నీళ్ళ కింద నిలబడ్డారు. 2016లో ఫలితాలు వచ్చాయి. జబ్బు పేరుతో పెట్టిన సెలవులు 29 శాతం తగ్గాయి, జబ్బుగా ఉన్న రోజులు మాత్రం తగ్గలేదు. అంటే జలుబు వస్తూనే ఉంది, దానితోనే ఆఫీసుకి పోతున్నారు. ఈ ముక్క చదివి నేను గట్టిగా నవ్వాను.

జలుబు అన్నాను కాబట్టి, రాత్రి తలస్నానం చేస్తే జలుబు చేస్తుందనే మాట కూడా. జలుబు వైరస్ వల్ల వస్తుంది, తడి జుట్టు వైరస్‌ని పుట్టించలేదు. ఈ వాక్యం నేను ఎన్నోసార్లు గర్వంగా చెప్పాను. ఇంగ్లండులో సాలిస్‌బరీ దగ్గర జలుబు పరిశోధన కేంద్రంలో వలంటీర్లని తడి బట్టలతో చల్లగాలిలో నిలబెట్టి చూస్తే తేడా తేలలేదు కూడా. అయితే 2005లో వేల్స్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 90 మంది పాదాల్ని చన్నీళ్ళలో 20 నిమిషాలు ఉంచారు, ఇంకో 90 మందిని పాదాలు ఉత్త బకెట్లో పెట్టించి కూర్చోబెట్టారు. తర్వాత నాలుగైదు రోజుల్లో చన్నీళ్ళవాళ్ళలో 13 మంది, ఉత్త బకెట్‌వాళ్ళలో ఐదుగురు జలుబు చేసిందన్నారు. అప్పటికే ముక్కులో దాగి ఉన్న వైరస్‌కి, రక్తం తగ్గిన ముక్కు పొరలు లొంగిపోయాయని వాళ్ళ ఊహ. కాళ్ళు చల్లబడితే ముక్కులో కూడా తలుపులు మూసుకుంటాయి మరి. అప్పట్నుంచి మా ఆవిడ రాత్రి తల తుడుచుకోమని అరిస్తే ఎదురు చెప్పడం మానేశాను.

మే నెల సంగతేమిటని మేనల్లుడు అడిగాడు. మంచి ప్రశ్న, నా పులిహోర అక్కడ దెబ్బతింటుంది. చర్మం 34, 35 డిగ్రీలు ఉంటే బెజవాడలో గాలి 42. పళ్ళెం తీసుకెళ్ళి ఎండలో పెట్టినట్టు. వేడి బయటికి పోకపోగా లోపలికి వస్తుంది. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే, కుండలో నీళ్ళు చల్లబడే దారి. చర్మం మీద ఒక గ్రాము నీరు ఆవిరైతే 2.4 కిలోజౌళ్ళు పట్టుకుపోతుంది. ఇందాకటి 105 కిలోజౌళ్ళూ పోవడానికి 44 గ్రాములు, అర టీ గ్లాసు నీళ్ళు చాలు. కొంత వేడి గాలి నుంచి కూడా తీసుకుంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ వేసుకోండి. అందుకని ఎండాకాలం రాత్రి ఒళ్ళు పొడిగా తుడుచుకోవద్దు, తడి మీదే ఫ్యాను కిందికి వెళ్ళండి. హైదరాబాదు పొడిగాలిలో ఇది హాయిగా పనిచేస్తుంది. విశాఖలో ఉక్కపోత రాత్రి గాలి అప్పటికే నీళ్ళు తాగి ఉంటుంది, ఇంకేం తాగుతుంది. ఎండాకాలంలో నీళ్ళు కాచే శ్రమ మాత్రం లేదు. టెర్రస్ మీది నల్ల ట్యాంకులోంచి సాయంత్రం ఏడింటికి కుళాయి తిప్పితే టెక్సాస్ వాళ్ళడిగిన వేడి అప్పనంగా వస్తుంది.

బకెట్టు, చెంబుతో చేసే మన స్నానానికి ఒక లోటుంది. నీళ్ళు ఒంటి మీంచి జారిపోతాయి, మూడు నిమిషాల్లో అయిపోతుంది. టబ్బులో కూర్చున్నంత వేడి ఎక్కదు. కానీ పళ్ళేలు ఎక్కడున్నాయో మనకి తెలుసు కదా. పాదాలు మాత్రమే వేణ్ణీళ్ళలో పెట్టి నిద్రని కొలిచిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. అర బకెట్టు నీళ్ళు, ఒక పీట, పది నిమిషాలు. మా మేనల్లుడి భార్య వెంటనే, "మా నాన్నకి చెప్తాను, ఆయనకి అసలు నిద్ర పట్టదు" అంది.

ఆయనకి పదేళ్ళుగా షుగరు. అక్కడ నేను కంగారుపడ్డాను. షుగరు ఉన్నవాళ్ళకి అరికాళ్ళలో స్పర్శ తగ్గిపోయి ఉండొచ్చు, నీళ్ళు సలసలా కాగుతున్నా తెలియదు, బొబ్బలెక్కాక తెలుస్తుంది. ముందు డాక్టరుని అడగమన్నాను. డాక్టరు సరేనన్నా పాదంతో వేడి చూడొద్దు, వేరేవాళ్ళు మోచెయ్యి ముంచి చూడాలి, మా అమ్మమ్మ పసిపిల్లలకి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసే ముందు చూసేది అలాగే.