చవకైన ఆడియో బేబీ మానిటర్ ఎంపిక: అపోహలు – వాస్తవాలు

మరో గదిలో నిద్రపోతున్న బిడ్డ ఏడుపును పెద్దల చెవికి చేర్చడమే ఆడియో బేబీ మానిటర్ చేయవలసిన పని. ఈ ఒక్క పనికి ఖరీదైన పరికరం అక్కరలేదు. కాని చవకైనవాటిలో ఏది మేలో తేల్చుకోవడానికి పెట్టె మీద రాసిన మాటలు పెద్దగా ఉపయోగపడవు. వైర్‌లెస్ పరికరాలను పరీక్షించే ఇంజనీరుగా, కొత్తగా తల్లిదండ్రులైనవారి మాటల్లో నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: పేరెంట్ యూనిట్ (పెద్దల దగ్గర ఉండే భాగం) నుంచి శబ్దం రాకపోతే బిడ్డ హాయిగా నిద్రపోతున్నట్టే.

వాస్తవం: బిడ్డ నిద్రలో ఉన్నప్పుడే కాదు, బేబీ యూనిట్ (బిడ్డ గదిలో ఉండే భాగం) బ్యాటరీ అయిపోయినా, కరెంటు పోయినా, ప్లగ్గు వదులైనా, మనం పరిధి దాటి వెళ్లినా కూడా శబ్దం రాదు. ఈ రెండు రకాల నిశ్శబ్దాల మధ్య తేడాను చెప్పగలగడమే మానిటర్‌కు ఉండవలసిన మొదటి లక్షణం. ధర తగ్గించుకోవడానికి మరి దేన్నయినా వదులుకోవచ్చు గాని దీన్ని వదులుకోకూడదు. డిజిటల్ కార్డ్‌లెస్ ఫోన్లలో వాడే డెక్ట్ సాంకేతికతతో పనిచేసే మానిటర్లలో, బిడ్డ గదిలో ఏ శబ్దమూ లేని సమయంలోనూ రెండు యూనిట్ల మధ్య సంకేతాలు నడుస్తూనే ఉంటాయి కాబట్టి, అవి తెగిపోయినప్పుడు బీప్ శబ్దంతో హెచ్చరించే ఏర్పాటు తక్కువ ధర మోడళ్లలో కూడా సాధారణంగా లభిస్తుంది. అయితే కొన్నింటిలో ఉండే ఎకో మోడ్, శబ్దం లేనప్పుడు రేడియో ప్రసారాన్ని బాగా తగ్గిస్తుంది లేదా ఆపివేస్తుంది. ఆ స్థితిలో కూడా హెచ్చరిక వస్తుందో లేదో వాడుక పుస్తకంలో చూడాలి. అంతటితో ఆగకుండా, తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే బేబీ యూనిట్‌ను మీరే ఆపివేసి, పేరెంట్ యూనిట్ ఎంతసేపటికి హెచ్చరిస్తుందో గడియారం చూసి గమనించండి. నిమిషాలు గడుస్తున్నా అది ఏమీ చెప్పకపోతే, శబ్దం ఎంత స్పష్టంగా వినిపించినా సరే, ఆ పరికరాన్ని వెనక్కి ఇచ్చివేయమనే నా సలహా.

అపోహ: పెట్టె మీద 300 మీటర్లు అని ఉంటే ఇల్లంతా పనిచేస్తుంది.

వాస్తవం: అది మధ్యలో ఏ అడ్డూ లేని ఆరుబయట లెక్క. ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు శ్లాబు, స్టీలు బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం వంటివి రేడియో సంకేతాన్ని బలహీనపరుస్తాయి. ఒకే అంతస్తులో ఉండే అపార్టుమెంటు ఫ్లాటుకు ఈ లెక్కతో పెద్దగా పని లేదు. మేడ మీద బిడ్డను పడుకోబెట్టి కింద వంటగదిలో పనిచేసుకునేవారు మాత్రం, కొన్న వెంటనే సరిగ్గా ఆ రెండు చోట్లా యూనిట్లను ఉంచి, ఒకరు పైన మామూలు గొంతుతో మాట్లాడుతుండగా మరొకరు కింద వినాలి.

అపోహ: చవకైనవన్నీ ఒకటే, ఏది కొన్నా తేడా లేదు.

వాస్తవం: పాత పద్ధతి అనలాగ్ మానిటర్లు, ముఖ్యంగా అమెరికాలో 49 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసినవి, బిడ్డ గదిలోని మాటలను ఎలాంటి రక్షణా లేకుండా ప్రసారం చేసేవి; పొరుగింట్లోని అలాంటి మానిటర్‌కో, రేడియో స్కానర్‌కో అవి వినిపించేవి. ఎవరైనా వాడేసిన అనలాగ్ మానిటర్ ఉచితంగా దొరికినా నేను తీసుకోమని చెప్పను. ఇంటర్నెట్‌తో సంబంధం లేని డెక్ట్ మానిటర్‌లోకి దూరాన ఉన్నవారు ఇంటర్నెట్ ద్వారా చొరబడే వీలుండదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీలు మారుస్తూ పనిచేసేవి కూడా మంచివే, కాని వైఫై రూటర్లు కిక్కిరిసిన భవనాల్లో వాటికి అంతరాయం ఎక్కువ. జోలపాటలు, రాత్రి దీపం, గది ఉష్ణోగ్రత చూపే అంకెలు వంటివాటికి అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. శబ్దం పెరిగే కొద్దీ వెలిగే లైట్ల వరుస, వైబ్రేషన్ మాత్రం వినికిడి తగ్గిన తాతయ్య, నాయనమ్మలు బిడ్డను చూసుకునే ఇళ్లలో నిజంగా అక్కరకు వస్తాయి.

అపోహ: అమెరికాలో చవకగా దొరుకుతుంది కాబట్టి అక్కడి నుంచి తెప్పించుకోవడం మేలు.

వాస్తవం: అక్కడి డెక్ట్ 6.0 మానిటర్లు 1920–1930 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. భారత్‌తో సహా అనేక దేశాల్లో వాడుకలో ఉన్న ఒక ముఖ్యమైన మొబైల్ బ్యాండ్‌లో, ఫోను నుంచి టవరుకు వెళ్లే సంకేతాలకు నిర్దేశించిన 1920–1980 మెగాహెర్ట్జ్ భాగంలోకే ఇది వస్తుంది. అంటే ఆ పరికరం ఇక్కడి ఫోన్లతో తగువు పడే అవకాశం ఉంది. యూరప్ డెక్ట్ పరికరాలు వాడే 1880–1900 మెగాహెర్ట్జ్ భాగం దీనికి వేరు. కాన్పుకు సాయం వెళ్లిన అమ్మమ్మలు తిరిగి వస్తూ మానిటర్‌ను వెంట తెచ్చుకోవడం కంటే, అక్కడే మరొకరికి ఇచ్చి రావడం మంచిది.

అపోహ: బాగా వినిపించాలంటే బేబీ యూనిట్‌ను బిడ్డ పక్కనే పెట్టాలి, లేదా ఉయ్యాల తాడుకు కట్టాలి.

వాస్తవం: ఇది ప్రమాదకరం. మానిటర్ వైరు మెడకు చుట్టుకుని పసిపిల్లలు మరణించిన ఘటనలు అమెరికాలో నమోదయ్యాయి; అక్కడి వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ వైరును తొట్టికి కనీసం 3 అడుగుల దూరంలో ఉంచమంటుంది. ఒక మీటరు దూరం నుంచి ఏడుపును పట్టుకోవడం ఏ మైక్‌కైనా కష్టం కాదు. అలా వినిపించకపోతే సెన్సిటివిటీని (మైక్ ఎంత చిన్న శబ్దాన్ని పట్టుకోవాలో చెప్పే అమరికను) పెంచాలి గాని యూనిట్‌ను దగ్గరకు జరపకూడదు. రేడియో తరంగాల గురించి భయపడేవారికి కూడా ఈ దూరమే సమాధానం, ఎందుకంటే దూరం పెరిగే కొద్దీ వాటి తీవ్రత వేగంగా పడిపోతుంది.

అపోహ: మానిటర్ ఉంటే నిద్రలో సంభవించే ఆకస్మిక శిశు మరణాల భయం ఉండదు.

వాస్తవం: ఆడియో మానిటర్ శ్వాసను కొలవదు. శ్వాసను, గుండె చప్పుడును కొలిచే ఇంటి మానిటర్లను కూడా ఈ ప్రమాదాన్ని తగ్గించే మార్గంగా వాడవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ఇచ్చిన సిఫార్సుల్లో ఉంది. బిడ్డను వెల్లకిలా, గట్టిగా, చదునుగా ఉన్న పరుపు మీద, దిండ్లు, మెత్తటి దుప్పట్లు లేకుండా పడుకోబెట్టమని, కనీసం మొదటి 6 నెలలు తల్లిదండ్రుల గదిలోనే విడి పడకపై ఉంచమని ఆ సంస్థ చెబుతోంది. ఆ నెలల్లో రాత్రిపూట మానిటర్‌తో పనే ఉండదు. పగటి నిద్ర వేళల్లో, మీరు మరో గదిలో ఉన్నప్పుడే దాని అవసరం.

అపోహ: పేరెంట్ యూనిట్‌లో ఏ బ్యాటరీలు వేసినా ఒకటే.

వాస్తవం: ఛార్జింగ్ ఏర్పాటు ఉన్న యూనిట్‌లో మామూలు ఆల్కలైన్ సెల్స్ వేసి ప్లగ్గు పెడితే అవి కారిపోవచ్చు, పగలవచ్చు కూడా. కంపెనీ చెప్పిన రీఛార్జబుల్ సెల్స్‌నే వేయాలి, అవి విడిగా దుకాణంలో దొరికే రకమో కాదో కొనేముందే చూసుకోవాలి.