చెక్కపని మిషన్లు: కొత్తవా, సెకండ్ హ్యాండా? అపోహలు - వాస్తవాలు

సొంతంగా పని మొదలుపెట్టే కుర్ర కార్పెంటర్లు, ఉద్యోగం చేసుకుంటూ శనాదివారాల్లో చెక్కపని నేర్చుకుంటున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, మిషన్ కొత్తది కొనాలా, సెకండ్ హ్యాండ్‌ది చాలా?" అందరికీ సరిపోయే జవాబు దీనికి లేదు, ఎందుకంటే అన్ని మిషన్లూ ఒకేలా అరగవు. అందుకే నేను తిరిగి మూడు సంగతులు అడుగుతాను. ఏ మిషన్? అందులో ముందుగా పాడయ్యే భాగం ఏది? ఆ భాగం మీ దగ్గర్లో దొరుకుతుందా? ఇవి తేలాకే ధర గురించి మాట్లాడుకోవాలి. మార్కెట్లో నడిచే మాటల్లో కొన్ని డబ్బు పోగొడతాయి, కొన్ని వేళ్లు పోగొడతాయి. వాటి గురించే ఇదంతా.

అపోహ: పదిహేనేళ్ల నాటి మిషన్ అంటే పాత ఇనుప సామాన్ల కొట్టుకు వేయాల్సిందే.

వాస్తవం: నేల మీద నిలబెట్టే పెద్ద మిషన్ల విషయంలో ఇది పూర్తిగా తప్పు. టేబుల్ సా, సర్ఫేస్ ప్లేనర్ (చెక్క ముఖాన్ని చదును చేసేది), థిక్‌నెస్ ప్లేనర్ (చెక్కకు ఒకే మందం తెచ్చేది), బ్యాండ్ సా, లేతు లాంటి వాటిలో విలువంతా పోత ఇనుప బల్లలో, ఇండక్షన్ మోటారులో ఉంటుంది. ఆ మోటారులో కార్బన్లు (కరెంటు అందిస్తూ రాసుకుని అరిగే బ్రష్‌లు) ఉండవు. నిమిషానికి 1,440 చుట్లో, 2,880 చుట్లో తిరుగుతుంది. చేతి మిషన్లతో పోలిస్తే అది చాలా నెమ్మది. అందులో అరిగేవి బేరింగులు, బెల్టు, స్విచ్. సింగిల్ ఫేజ్ అయితే కెపాసిటర్. బేరింగు మీద 6204, 6205 అని నంబరు ఉంటుంది. ఆ నంబరు చెబితే పెద్ద ఊళ్లో ఏ బేరింగుల షాపులోనైనా ఇస్తారు. మోటారు కాలినా భయపడక్కర్లేదు. పొలం మోటార్లకు వైండింగ్ చేసేవాళ్లే దీనికీ చేస్తారు.

ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు తీసేవాళ్ల లేతు ఎలా ఉంటుందో తెలిసినవారికి ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. లేతు అంటే మోటారు, స్పిండిల్ (తిరిగే ఇరుసు), బేరింగులు, గట్టి పునాది. నైపుణ్యం చేతిలో ఉంటుంది. ఇలాంటి మిషన్ పాతదైనా నిశ్చింతగా కొనొచ్చు.

అయితే కళ్లు మూసుకుని కొనమని కాదు. వెళ్లేటప్పుడు ఒక స్టీల్ స్ట్రెయిట్ ఎడ్జ్, సందు కొలిచే ఫీలర్ గేజ్, టార్చ్ తీసుకెళ్లండి. బల్ల మీద స్ట్రెయిట్ ఎడ్జ్‌ను నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి, కింద వెలుతురు కనిపిస్తోందా చూడండి. పైన తుప్పు ఉంటే ఇసుక కాగితంతో పోతుంది, దానికి ధర తగ్గించమని అడగొచ్చు. పోతలో పగులు ఉన్నా, వెల్డింగు చేసిన గుర్తు ఉన్నా మాత్రం బేరం అక్కడితో ఆపేయండి. ప్లేనర్ అయితే తర్వాత బెల్టు తీయించి, బ్లేడ్లు బిగించి ఉండే కట్టర్ బ్లాకును చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగులు మార్చాలి, అది చిన్న ఖర్చే. బ్లాకును పైకీ కిందికీ లాగినప్పుడు కదులుతుంటే బేరింగు గూడే అరిగి ఉండొచ్చు. అది చిన్న ఖర్చు కాదు.

సర్ఫేస్ ప్లేనర్‌లో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పాత లోకల్ మిషన్లలో అక్కడక్కడా చదరపు కట్టర్ బ్లాకు కనిపిస్తుంది. దాని పలకల పక్కన ఖాళీ ఎక్కువ కాబట్టి వేలు లోపలికి లాగేస్తుంది. గుండ్రటి బ్లాకులు వచ్చింది ఇందుకే. చదరపు బ్లాకు ఉన్న మిషన్ ఎవరైనా ఉచితంగా ఇచ్చినా వాడొద్దు.

నేమ్ ప్లేటు కూడా చదవండి. 415 వోల్టులు అని ఉంటే అది త్రీ ఫేజ్ మోటారు, ఇంటి సింగిల్ ఫేజ్ కనెక్షన్ మీద నేరుగా నడవదు. మోటారు మార్చాలి, లేదా సింగిల్ ఫేజ్ కరెంటును త్రీ ఫేజ్‌గా మార్చి ఇచ్చే వీఎఫ్‌డీ డ్రైవ్ పెట్టించాలి. ఆ ఖర్చు కలుపుకున్నాకే చవకో కాదో చెప్పగలం. త్రీ ఫేజ్ మిషన్లకు కొనేవాళ్లు తక్కువ కాబట్టి మంచి మిషన్ తక్కువ ధరకే వస్తుంది. షెడ్డులో త్రీ ఫేజ్ ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి బేరం ఉండదు.

అపోహ: ప్లగ్గు పెట్టగానే తిరిగితే చేతి మిషన్ బాగున్నట్టే.

వాస్తవం: పాత చేతి మిషన్లు కొని మోసపోయేవాళ్లలో ఎక్కువమంది పడేది ఇక్కడే. రందా మిషన్ (చిత్రిక పట్టేది), ట్రిమ్మర్, రౌటర్ (అంచులు, గాళ్లు తీసేవి), కట్టింగ్ మిషన్, వైరు ఉన్న డ్రిల్, వీటన్నిటిలో సాధారణంగా ఉండేది కార్బన్లున్న యూనివర్సల్ మోటారు. ట్రిమ్మర్ అయితే నిమిషానికి 30,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఇలాంటి మోటారు చావుకు దగ్గరైనా ఖాళీగా ఆన్ చేస్తే హాయిగా తిరుగుతుంది. దాని అసలు రంగు లోడు మీదే బయటపడుతుంది. కాబట్టి చూడటానికి వెళ్లేటప్పుడు ఒక టేకు ముక్కో వేప ముక్కో వెంట తీసుకెళ్లి, అక్కడే కోసి, చిత్రిక పట్టి చూడండి. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంత లాంటి చోట్ల కొంటే ఈ పరీక్షకు వీలు తక్కువ. ఆ లెక్కలోనే ధర మాట్లాడుకోవాలి.

ముందు రెండు పక్కలా కార్బన్లు విప్పించండి. అవి పొట్టిగా అయిపోయి ఉంటే తప్పేం లేదు, అరగడానికే ఉన్నాయి, కొత్తవి తక్కువ ఖర్చులో వస్తాయి. చూడాల్సింది వాటి ముఖం. నున్నగా మెరుస్తుంటే మంచిది. పెచ్చులు లేచి, ఒక పక్కే ఎక్కువ అరిగి ఉంటే లోపల కార్బన్లు రాసుకునే రాగి భాగం, అంటే కమ్యుటేటర్, దెబ్బతిన్నట్టే. ఆన్ చేసి గాలి సందుల్లోంచి చూడండి. కార్బన్ల దగ్గర చిన్న నీలి మెరుపులు మామూలే. నిప్పురవ్వలు చుట్టూ ఉంగరంలా తిరుగుతుంటే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) పోతోందని అర్థం. వాసన కూడా చూడండి. వార్నిష్ కాలిన వాసన ఒకసారి పడితే ఎంత తుడిచినా పోదు.

"ఆర్మేచర్ మళ్లీ వైండింగ్ చేయించేస్తే సరి" అని అమ్మేవాళ్లు చెప్తారు. చేయొచ్చు, కానీ అంత వేగంలో తిరిగే ఆర్మేచర్‌కు బ్యాలెన్సింగ్ సరిగ్గా కుదరాలి. చిన్న షాపుల్లో అది చేసే ఏర్పాటు ఉండదు. బ్యాలెన్సు తప్పితే వణుకు, వణుకుతో బేరింగులు, ఆ తర్వాత గేర్లు. ఒరిజినల్ ఆర్మేచర్ ధర తెలుసుకుని, దాన్ని పాత మిషన్ ధరకు కలపండి. చాలాసార్లు కొత్త మిషన్ ధర దగ్గరికి వచ్చేస్తుంది.

రందా మిషన్ అయితే కింద పలక చూడండి. పైనుంచి కింద పడిన మిషన్‌లో ముందు పలక, వెనక పలక ఒక దారిలో ఉండవు. మోటారు ఎంత బాగున్నా అలాంటి మిషన్‌తో తలుపు అంచు తిన్నగా రాదు.

రౌటర్, ట్రిమ్మర్ మాత్రం కొత్తవే కొనమంటాను. దీనిమీద నాకు రెండో మాట లేదు. బిట్‌ను పట్టి ఉంచేది చిన్న కోలెట్. అది అరిగితే బిట్ పని మధ్యలో జారి కిందికి దిగుతుంది, ఒక్కోసారి బయటికే వచ్చేస్తుంది. మన దగ్గర ఇంకో ప్రమాదం కూడా ఉంది. 6 మి.మీ. బిట్లూ పావు అంగుళం బిట్లూ ఒకే షాపులో దొరుకుతాయి. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. 6.35 కోలెట్లో 6 మి.మీ. బిట్ బిగించి ఏళ్ల తరబడి వాడిన ట్రిమ్మర్ చేతులు మారి మీ దగ్గరికి వస్తే, కోలెట్ పాడై ఉన్నా బయటికి ఏమీ కనిపించదు. 12 మి.మీ., అర అంగుళం అంటే 12.7 మి.మీ., వీటి మధ్య కూడా అదే గొడవ.

అపోహ: పాత మార్బుల్ కట్టర్‌కు వుడ్ బ్లేడు వేసుకుంటే వేరే సర్క్యులర్ సా అక్కర్లేదు.

వాస్తవం: ఇది మన సైట్లలో అందరూ చేసే పనే, అందుకే గట్టిగా చెప్పాలి. మార్బుల్ కట్టర్ నిమిషానికి సుమారు 12,000 చుట్లు తిరుగుతుంది. అది పళ్లు లేని డైమండ్ బ్లేడు కోసం చేసిన మిషన్. బ్లేడు చెక్కలోంచి బయటికి రాగానే దానంతటదే మూసుకునే కింది గార్డు దానికి ఉండదు. ప్లైవుడ్ బిగుసుకుని మిషన్ వెనక్కి తన్నినప్పుడు తిరుగుతున్న పళ్లు నేరుగా తొడ మీదికో చేతి మీదికో వస్తాయి. గ్రైండర్‌కు వుడ్ బ్లేడు వేయడం ఇంతకంటే ఘోరం. సెకండ్ హ్యాండ్‌లో దొరికే కట్టర్లు, గ్రైండర్లలో చాలావాటికి ఉన్న గార్డు కూడా విప్పేసి ఉంటుంది. అలాంటిది కొన్నారంటే ముందు గార్డు కొని బిగించండి, టైల్సు కోయడానికే వాడండి. చెక్కకు 7 అంగుళాల సర్క్యులర్ సా కొనుక్కోండి. నిమిషానికి 5,000 - 6,000 చుట్ల మధ్య తిరుగుతుంది, 60 మి.మీ. పైగా లోతు కోస్తుంది. పాతదైనా సరే, కింది గార్డు వదలగానే టక్కున మూసుకుంటే తీసుకోవచ్చు.

అపోహ: బ్యాటరీ మిషన్ ఛార్జర్‌తో సహా సగం ధరకు వస్తే లాభమే.

వాస్తవం: లిథియం అయాన్ సెల్స్ వాడినా వాడకపోయినా ముసలివవుతాయి. ఎండలో కారు డిక్కీలో పడి ఉన్న బ్యాటరీ ఇంకా త్వరగా పోతుంది. పైన గీతల లైట్లన్నీ వెలిగినంత మాత్రాన లోపల సామర్థ్యం అంతే ఉన్నట్టు కాదు. బ్యాటరీ సెట్లలో ఖరీదైన భాగం బ్యాటరీయే, అదే ముందు పోతుంది. ఆ మిషన్‌కు సరిపోయే అదే కంపెనీ బ్యాటరీలు మీ దగ్గర ఇప్పటికే ఉంటే, బ్యాటరీ లేని ఉత్త మిషన్‌ను సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం మంచి బేరం. మొదటి సెట్ అయితే కొత్తదే కొనండి.

18 వోల్టుల కంటే 20 వోల్టులది బలమైనదని అమ్మేవాళ్లు చెప్తుంటారు. రెండింటిలోనూ ఒకదాని వెనక ఒకటిగా సిరీస్‌లో కలిపేది ఐదు సెల్సే. ఒక్కో సెల్ 3.6 చొప్పున లెక్కేస్తే 18, నిండా ఛార్జయినప్పుడు సుమారు 4 చొప్పున లెక్కేస్తే 20. ఆ రెండు వోల్టుల కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

అపోహ: అమెరికా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకుంటే చవక, క్వాలిటీ కూడా ఎక్కువ.

వాస్తవం: మన ఇళ్లల్లో డాలస్ నుంచి వచ్చే బావగారికో, కాలిఫోర్నియా నుంచి వచ్చే తమ్ముడికో ఈ పని అప్పగించడం మామూలే. కానీ అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా ప్లగ్గు పెడితే మోటారు కాలిపోతుంది. కార్బన్లు ఉన్న మిషన్ అయితే తగినంత సామర్థ్యమున్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తుంది. దాని బరువు, ఖర్చు అదనం. ఇండక్షన్ మోటారు ఉన్న మిషన్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా హెర్ట్జ్ మారదు కాబట్టి వేగం ఆరో వంతు తగ్గుతుంది, మోటారు ఎక్కువ వేడెక్కుతుంది. అక్కడి సర్క్యులర్ సా బ్లేడు రంధ్రం 5/8 అంగుళం. ఇక్కడ షాపుల్లో దొరికేవి 20, 25.4, 30 మి.మీ. బ్లేడ్లు.

బ్యాటరీ మిషన్లకు ఈ గొడవ తక్కువే, కానీ ఛార్జర్ మీద ఇన్‌పుట్ 120 అని మాత్రమే ఉందా, 100 - 240 అని ఉందా చదవమనండి. విడి బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే తేవాలి. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ 90 వాట్ అవర్లు, అంటే 100 లోపే కాబట్టి ఇబ్బంది ఉండదు. 100 దాటితే విమానయాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటితే తేనివ్వరు.

అపోహ: కొత్తది కొంటే టెన్షన్ ఉండదు, వారంటీ ఉంటుంది కదా.

వాస్తవం: కార్బన్లు, స్విచ్, వైరు అరుగుదల, ఎక్కువ లోడుతో మోటారు కాలడం మామూలుగా వారంటీలోకి రావు. కొనే ముందు సర్వీస్ సెంటర్ మీ ఊరికి ఎంత దూరమో అడగండి. పేరు తెలియని చవక బ్రాండు కొత్త మిషన్ కంటే, స్పేర్లు దొరికే పాత మకీటా, బాష్ మిషన్ ఎక్కువ కాలం తిండి పెడుతుంది. హిటాచీ పాత మిషన్లకు ఇక దిక్కు లేదని కొందరు అంటారు. నిజానికి 2018లో ఆ కంపెనీ బ్రాండు పేరు హైకోకీగా మారింది, కొనసాగుతున్నది అదే కంపెనీ. పేరు మారిందని భయపడి మంచి మిషన్ వదులుకోవద్దు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. కొత్త పవర్ టూల్ బిల్లులో 18 శాతం పన్ను ఉంటుంది. వ్యాపారం కోసం కొంటే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. ఎవరి దగ్గరో విడిగా కొన్న పాత మిషన్‌కు అది రాదు. ఈ లెక్క వేశాక పాతదానికీ కొత్తదానికీ తేడా చాలామంది అనుకున్నంత ఉండదు.

అపోహ: బిల్లు లేకపోతే ఏం, మిషన్ బాగుంటే చాలు.

వాస్తవం: సైట్ల మీద చేతి మిషన్లు పోవడం రోజూ వినే సంగతి. నేమ్ ప్లేటు పీకేసి ఉన్నా, సీరియల్ నంబరు గీకేసి ఉన్నా ముట్టుకోవద్దు. దొంగ సొత్తని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. అది పోగొట్టుకున్నవాడు కూడా మనలాగే ఆ మిషన్ మీద బతికే కార్పెంటరే. బిల్లు లేకపోతే కనీసం అమ్మినవాళ్ల పేరు, ఫోన్ నంబరు, మిషన్ సీరియల్ నంబరుతో ఒక కాగితం రాయించుకోండి.

అపోహ: దుమ్ము, గార్డులు లాంటివి తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: పాత టేబుల్ సా చాలావాటికి బ్లేడు వెనక రైవింగ్ నైఫ్ ఉండదు. చీలిన చెక్క మళ్లీ బిగుసుకుని బ్లేడును పట్టుకోకుండా ఆపేది అదే. దాన్ని బిగించే వీలు ఆ మోడల్‌లో ఉందో లేదో కొనకముందే చూడండి. పాత మిషన్లలో దుమ్ము పైపు తగిలించే నోరు కూడా ఉండదు. చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి గ్రూపులో చేర్చింది. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) కోసేవాళ్లకు బాధ ఇంకా ఎక్కువ. రేకుతో ఒక మూత, నోరు చేయించి వాక్యూమ్ తగిలించడానికి అయ్యే ఖర్చును మిషన్ ధరలో మొదటి రోజే కలపండి.

ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లకు నేను చెప్పే వరస ఇది. చేతిలో ఉన్న డబ్బుతో ముందు కొత్త సర్క్యులర్ సా, కొత్త ట్రిమ్మర్, డ్రిల్ కొనండి. రందా మిషన్ పాతది దొరికితే పైన చెప్పినట్టు పరీక్షించి తీసుకోండి. పని నిలదొక్కుకున్నాక, మూతపడుతున్న వర్క్‌షాపుల నుంచి సర్ఫేస్ ప్లేనర్, టేబుల్ సా చూసుకోండి. అలాంటి చోట మిషన్ బిగించిన స్థితిలోనే ఉంటుంది, నడిపి చూపిస్తారు, వాడిన మేస్త్రి పక్కనే ఉంటాడు. ఏ బేరింగు ఎప్పుడు మార్చారో ఆయన్నే అడగండి. ఇంటికి తెచ్చాక, స్విచ్ వేసే ముందు ఎలక్ట్రీషియన్‌తో వైరు, ఎర్తింగ్ చూపించండి. చతురస్రంలో చతురస్రం గుర్తు (డబుల్ ఇన్సులేషన్ గుర్తు) లేని ఇనుప బాడీ మిషన్‌కు మూడో పిన్ను తప్పనిసరి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే అది కూడా అప్పుడే పెట్టించేయండి.